వరస తప్పిన ఏడిళ్లు

“కొడుకు పుట్టాక తండ్రి పుడితే, ఆ తండ్రిని ఏమంటారు బాయ్‌కే?” అని అడిగాడు మేజర్ మెలిస్, జేబులోంచి బేడీలు తీసి బల్ల మీద పెడుతూ.

“తొందరలేని మనిషి అంటారు,” అన్నాడు తొలొగోన్.

“మా సైబర్ విభాగంలో నేరం అంటారు.”

బల్లకి అవతల కూర్చున్న బురులాయ్ రెండు చేతులూ ఒళ్లోకి లాక్కుంది. పాడైన వంశాల వెబ్‌సైట్ కట్టిన పిల్ల ఆమే. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి, మాట ఇంకా తెల్లగానే ఉంది. ఎవరేం అడిగినా ఒకటే జవాబు: “నేను ముట్టుకోలేదు.”

మెలిస్ పేరుకు తగ్గ మెలికల మనిషి. ఒకప్పుడు తొలొగోన్ చేతికింద పనిచేసి, ఇప్పుడు ‘బాయ్‌కే’, అంటే అన్నా, అని పిలుస్తూనే నెత్తిమీద కూర్చుందామని చూస్తున్నవాడు. తొలొగోన్ పేరులో తొలగడం వినిపిస్తుంది గానీ, పోలీసు ఉద్యోగం నుంచి తొలగాడే తప్ప పట్టుకున్న కేసు నుంచి ఏనాడూ తొలగలేదు. నిన్న పొద్దుపోయాక, ఊరంతా అక్సకాల్ అని, అంటే తెల్లగడ్డం పెద్దాయన అని, పిలిచే కాదిర్ అక్సకాల్ భార్య ఫోన్ చేసి “మా ముసలాయన ఇంటికి రాలేదు నాయనా” అన్నప్పటినుంచీ అతను కూర్చున్న కుర్చీలు వేడెక్కలేదు.

కాదిర్ అక్సకాల్ అంటే బిష్కెక్‌లో ఏ పెళ్లి మాటలైనా ముందు ఆయన గుమ్మం తొక్కాల్సిందే. పిల్లకీ పిల్లవాడికీ ఏడు తరాల్లోపు ఒకే తాత తగిలితే, ఆయన తెల్లగడ్డం అడ్డంగా ఊపి “కాదు” అంటాడు. కాదిర్ కాదన్న పెళ్లి కాదు, అంతే. ఆయన బుర్రలో ఉన్న వంశాలన్నీ ఆయనతోపాటు మట్టిలో కలిసిపోకూడదని ఒక సంస్థవాళ్లు ‘ఏడుగురు తండ్రులు’ అని వెబ్‌సైట్ మొదలుపెట్టారు. ముందుగా ఏడు ఇళ్ల వంశాలు. ఆ ఏడిళ్ల పెద్దల్నీ పిలిచి ఈ ఉదయం తెర మీద చూపించారు. తీరా చూస్తే ఒక్క ఇల్లే ఉంది. మిగతా ఆరిళ్ల పెద్దలు మొదట తమ మనవల కోసం వెతుక్కున్నారు, తరవాత తండ్రుల కోసం వెతుక్కున్నారు, చివరికి తాము కూడా పుట్టలేదని తెలుసుకుని కర్రలు పైకెత్తారు.

“నిన్న సాయంత్రం ముసలాయన ట్యాబ్ నుంచి ఎవరో వరస మార్చారు,” అన్నాడు మెలిస్. “దాని పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకాయన మాయమయ్యాడు. ఇంకొకామె నా ఎదురుగా కూర్చుంది. లెక్క చిన్నపిల్లలు చేసేది బాయ్‌కే, మీకు వయసు ఎక్కువై కష్టంగా ఉంది.”

“ఆ ట్యాబ్ ఎక్కడుందో కనుక్కున్నావా?”

“ఫోన్ కంపెనీకి రాశాం. సోమవారం జవాబిస్తారు.”

“సోమవారం,” అని తొలొగోన్ ఆ మాటని పుల్లటి పెరుగులా నాలుక మీద తిప్పి చూశాడు. “సోమవారం దాకా ఆయన ఉంటాడా?”

ఆ ప్రశ్నకి తలుపు దగ్గర నిలబడ్డ జూరా ఉలిక్కిపడింది. సంస్థకి అధిపతి ఆమే. పొట్టి జుట్టు, బూడిదరంగు కోటు, వేలికి కారు తాళాలు.

“అదేంటి అలా అంటారు?” అంది. “ఆయన ఎక్కడో ఎవరింట్లోనో భోంచేస్తుంటారు. ఆయన్ని పిలవని ఇల్లుందా?”

“భోంచేస్తే మంచిదే ఎజే,” అన్నాడు తొలొగోన్, అక్కా అని పిలిచే మర్యాదతో. “రండి, ఆయన కూర్చునే చోటు చూద్దాం.”

కాదిర్ అక్సకాల్ మూల ఆ గదిలోనే ఉంది. కిటికీ పక్కన నమదా కంబళి పరిచిన కుర్చీ, దాని పక్కన చిన్న బల్ల. తొలొగోన్ వేటికుక్కలా వాసన చూస్తున్నట్టు వంగి, దేన్నీ ముట్టుకోకుండా చుట్టూ తిరిగాడు.

“ట్యాబ్ లేదు. కళ్లజోడు లేదు. కర్ర లేదు. గోడకి కొత్త కల్పక్ టోపీ వేలాడేదని ఆయన భార్య చెప్పింది, అదీ లేదు. ఇక్కడ వేలాడుతున్నది పాతది. కుర్చీకింద బుట్టలో బట్టలబ్రష్ ఉంది, దానికి తెల్లటి పీచు అంటుకుంది. అంటే కొత్త కల్పక్ దులుపుకుని మరీ పెట్టుకున్నాడు. ఎత్తుకుపోయేవాళ్లు టోపీ దులుపుకోనివ్వరు మెలిస్.”

“ఈ అమ్మాయే పిలిచి ఉంటుంది. తెలిసిన పిల్లే కదా!”

“ఈ అమ్మాయితో వెళ్లడానికి కొత్త కల్పక్ ఎందుకు? రోజూ చూసే మొహమే.” తొలొగోన్ గది మూలనున్న చిన్న ఫ్రిజ్ తెరిచాడు. పాల డబ్బా, సగం తిన్న ఆపిల్, ఒక నీలం సంచి. సంచి విప్పి చూశాడు.

“ఇదేంటి?” అన్నాడు మెలిస్.

“ఇన్సులిన్.”

బురులాయ్ లేచి నిలబడింది. “తాతగారిది! భోజనానికి ముందు పొడుచుకుంటారు. ఎక్కడికెళ్లినా వెంటే ఉండాలి. నిన్న నేను బజారుకెళ్లి వచ్చేసరికి ఆయన లేరు. సంచి తీసుకెళ్లారనుకున్నా...”

“భోజనం వేళకి తిరిగొస్తాననుకున్నాడు,” అన్నాడు తొలొగోన్ నెమ్మదిగా. “నిన్న మధ్యాహ్నం నుంచి మందు లేదు. ఎనభై నాలుగేళ్ల ఒంటికి చక్కెర ఎక్కేకొద్దీ మొదట దాహం, తరవాత మగత, ఆ తరవాత లేవని నిద్ర. ఫోన్ కంపెనీ వాళ్లకి సోమవారం ఉంది. ఆయనకి సాయంత్రం దాకా ఉందో లేదో.”

తలుపు దగ్గర కారు తాళాలు గలగలమన్నాయి. జూరా వాటిని గుప్పిట్లో బిగించింది.

మెలిస్ గొంతు తగ్గించాడు. “అందుకే ఈ పిల్లని తీసుకెళ్తానంటున్నా. రెండు గంటలు నా గదిలో కూర్చోబెడితే చోటు చెప్తుంది.”

“తెలియని చోటు ఎన్ని గంటలు కూర్చోబెడితే తెలుస్తుంది?” తొలొగోన్ బురులాయ్ వైపు తిరిగాడు. “నాకు కంప్యూటర్ గురించి తెలిసింది ఒక్కటే తల్లీ, వేడి టీ పడితే చచ్చిపోతుందని. అసలేం జరిగిందో నాకర్థమయ్యేలా చెప్పు. ఈ వరస ఏంటి?”

ఎవరైనా ఏడుస్తున్నప్పుడు వాళ్ల పని గురించి అడిగితే కన్నీళ్లు వాటంతటవే ఆగుతాయి. తొలొగోన్ ఉద్యోగంలో నేర్చుకున్న పెద్ద విద్య అదే. బురులాయ్ ముక్కు తుడుచుకుని కంప్యూటర్ దగ్గరకి జరిగింది.

“మొదట డేటాబేస్ ఖాళీ. బీడు భూమి అనుకోండి. అందులో మొదటి పేర్లు వేయడాన్ని సీడింగ్ అంటాం, విత్తనాలు నాటడం. మేము రోజూ తెల్లవారగానే మొత్తం చెరిపేసి మొదట్నించీ నాటుతాం. తాతగారు నిన్న చెప్పిన సవరణలు కూడా అందులో కలుస్తాయి. అదంతా దానంతటదే జరిగిపోతుంది.”

“నాటడమే కదా, ఎలా నాటితే ఏం? నాటుగా నాటితే మొలవవా?”

“మొలవవు బాయ్‌కే! ప్రతి మనిషి పక్కనా తల్లీ తండ్రీ ఎవరో ఉండాలి. ఇంకా నాటని తల్లికి బిడ్డని వేయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. ‘అమ్మ ఏది?’ అంటుంది. చూపించలేకపోతే బిడ్డని గుమ్మం బయటే నిలబెడుతుంది. ఆ బిడ్డ లోపలికి రాకపోతే ఆ బిడ్డకి పుట్టినవాళ్లూ రారు. వాళ్లకి పుట్టినవాళ్లూ రారు.”

“వరస తప్పితే వరసలే తప్పుతాయన్నమాట.”

“అంతే! మన ఏడిళ్లలో ఎర్తాయ్ ఇల్లు పెద్దది. మిగతా ఆరిళ్ల మొదటి తల్లులూ ఎర్తాయ్ ఆడపడుచులే. అందుకని ఎర్తాయ్‌ని ముందు నాటాలి. తరవాత మిగతావి పెద్ద నుంచి చిన్నకి.”

“ఆ తరవాత వీళ్లు వాళ్లకీ వాళ్లు వీళ్లకీ పిల్లనిచ్చుకుని ఉంటారుగా?”

“ఆ పెళ్లిళ్లు రెండో విడతలో కలుపుతాం, మనుషులంతా మొలిచాక. మొదటి తల్లులు మాత్రం ముందే ఉండాలి. ఏ ఇల్లు ముందో ఏది వెనకో నిర్ణయించాల్సింది నేను కాదు, తాతగారు. అందుకని ఆయనకోసం ఒక పేజీ చేశా. ఏడు ఇళ్ల పేర్లూ ఏడు చీటీలుగా ఉంటాయి. ఆయన వేలితో పైకీ కిందకీ జరుపుతారు. ఆ వరసలోనే నాటడం జరుగుతుంది.” ఆమె మళ్లీ ముక్కు తుడుచుకుంది. “మొదటిసారి జరిపినప్పుడు ‘నా వేలికింద ఏడిళ్లు కదులుతున్నాయే పిల్లా’ అని రోజంతా నవ్వారు.”

“సరైన వరసలో నాటితే ఎలా ఉంటుందో ఒకసారి చూపించు.”

“సాక్ష్యం ముట్టుకోవద్దు!” అన్నాడు మెలిస్.

“నకలు మీద చూపిస్తాను మేజర్ గారూ. అసలు దాన్ని మీరు తాళం వేసుకుని జేబులో పెట్టుకోండి,” అంది బురులాయ్. ఏడుపు పోయాక ఆ పిల్లకి నోరు బాగానే ఉందని తొలొగోన్‌కి అర్థమైంది.

తెర నల్లబడింది. అందులో ఏమీ లేదు. తరవాత ఎక్కడో పైన ఒక తెల్లటి చుక్క పుట్టింది, దాని పక్కన పేరు: ఎర్తాయ్. ఆ చుక్క కింద నలుగురు, ఆ నలుగురి కింద ఇంకెందరో. గొర్రెలమంద కొండ దిగినట్టు పేర్లు దిగుతున్నాయి. ఆ మందలోంచి ఆరు సన్నటి గీతలు పక్కలకి విడిపోయి వెళ్లి ఆరు చోట్ల ఆగాయి, ఆరుగురు ఆడపడుచులు ఆరు గుమ్మాల ముందు గుర్రం దిగినట్టు. ఒక్కో గుమ్మంలో ఒక్కో ఇల్లు వెలిగింది. వెలిగిన ప్రతి ఇంటికింద పిల్లలు, పిల్లల పిల్లలు. ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు. ప్రతి బిడ్డా తల్లి వచ్చాకే వస్తోంది. మూడు వందల ఏళ్లు ఒక టీ చల్లారేలోపు గడిచిపోతున్నాయి.

తొలొగోన్ కళ్లు నాలుగో ఇంటి దగ్గర ఆగాయి. బైసాల్ ఇల్లు. అది తనది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నాయనమ్మ వల్లెవేయించిన ఏడుగురు తండ్రులూ ఒకరి కింద ఒకరు వచ్చి నిలబడ్డారు. వాళ్లు అతనికి ఇంతకాలం ఒక పాట మాత్రమే. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ పక్కన ఒక తల్లి ఉంది, ఆ తల్లికి పేరుంది. చివరికి తన తండ్రి వచ్చాడు, యుద్ధం తరవాతి పొట్టి మనిషి. ఆయన కింద చిన్న చుక్క: తొలొగోన్.

తను పుడుతుండగా తనే చూసిన మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. చెయ్యి దానంతటదే పైకి లేచి కల్పక్ తీసింది.

“ఇంతమంది నిలబడితే గాని నేనొక్కణ్ణి కూర్చోలేదా?” అన్నాడు.

మెలిస్ కూడా తెర వైపే చూస్తున్నాడు. వాళ్లది దక్షిణాది, ఈ ఏడిళ్లలో లేడు. అయినా నోరు కొంచెం తెరుచుకుంది. తనకే తెలిసి టక్కున మూసుకున్నాడు. “బావుంది. సినిమా అయిపోయిందిగా. నడు పిల్లా.”

“ఒక్క నిమిషం. నిన్న సాయంత్రం మార్చిన వరస చూపించమ్మా.”

ఏడు చీటీలు తెర మీదకొచ్చాయి. తొలొగోన్ పైనుంచి కిందకి చదివాడు. అక్‌బూరా. సారీబోరు. తుర్దూకె. బైసాల్. కోజోబెక్. ఎల్చిబాయ్. అన్నిటికన్నా కింద ఎర్తాయ్.

“అసలు వరసలో అక్‌బూరా ఎక్కడ?”

“చివర. అన్నిటికన్నా చిన్న ఇల్లు.”

“మిగతా అయిదూ?”

“వాటి వరస మారలేదు. పెద్ద నుంచి చిన్నకే ఉన్నాయి.”

“అంటే రెండే కదిలాయి. పెద్దిల్లు చివరకెళ్లింది, చిన్నిల్లు ముందుకొచ్చింది.”

“ముసలాయన వేలు వణికి ఉంటుంది,” అన్నాడు మెలిస్. “లేదా ఈ పిల్ల అలా కనిపించాలని చేసి ఉంటుంది.”

“వణికిన వేలు ఇంత మర్యాదగా వణకదు.” తొలొగోన్ అప్పటికే లేచాడు. పొద్దున పెద్దలకోసం తెచ్చిన టీ గిన్నెలు సమావేశాల బల్ల మీద బోర్లించి ఉన్నాయి. ఏడు తీసి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. తలుపుకి ఎదురుగా ఉన్న పెద్దపీట దగ్గర ఒకటి. దానికి అటూ ఇటూ రెండు. అలా కిందకి దిగుతూ, చివరిది తలుపు పక్కన, టీ కాచే సమోవార్ దగ్గర.

“టీ తాగే టైమా ఇది?” అన్నాడు మెలిస్.

“నువ్వు పోలీసు బడిలో చాలా నేర్చుకున్నావు మెలిస్, విందులో కూర్చోవడం మర్చిపోయావు. ఎక్కడ ఏ విందుకెళ్లినా ఎర్తాయ్ వాళ్లని ఎక్కడ కూర్చోబెడతారు?”

“పెద్దపీట మీద. పెద్దిల్లు కదా.”

“గొర్రె తలకాయ ఎవరి ముందు పెడతారు?”

“వాళ్ల ముందే.”

“ఎంత పెద్దవాళ్లయినా అందరికన్నా చివర, తలుపు పక్కన కూర్చునే చోటు ఒక్కటుంది. ఎక్కడ?”

మెలిస్ మెలికలన్నీ ఒకచోట ముడిపడ్డట్టు గిన్నెల మీదకి వంగాడు. జవాబు బురులాయ్ నోట్లోంచి ఊపిరిలా వచ్చింది.

“వాళ్ల సొంతింట్లో.”

“అదీ! ఇంటివాడు చివర. మరి అందరికన్నా చిన్నిల్లు పెద్దపీట ఎక్కేది ఎప్పుడు?”

“వియ్యాలవారైనప్పుడు,” అన్నాడు మెలిస్ అప్రయత్నంగా. “కొత్త వియ్యంకుడి ముందు వయసు లెక్కలేదు.”

“ఇది వరస తప్పడం కాదర్రా. ఇది విందు బంతి!” తొలొగోన్ ఏడు గిన్నెల వైపూ చూస్తూ ఉండిపోయాడు. ఒక ముసలాయన చేతిలో కాగితం లేదు, ఫోన్ లేదు, పక్కన ఎవరో నిలబడి చూస్తున్నారు. మూడు వందల ఏళ్ల మనుషుల్ని ఒక్క వేలితో పక్కకి జరిపి, ‘నేను ఎర్తాయ్ వాళ్లింట్లో అతిథిని, వాళ్లకి అక్‌బూరాతో వియ్యం కుదురుతోంది’ అని చెప్పాడు. చూసేవాళ్లకి అది ఏడు చీటీలే. ఎర్తాయ్‌ని చివర నాటితే తెల్లవారగానే ఆరిళ్లు మొలవవని, ఆ ఆరిళ్లవాళ్లూ ఇక్కడ గగ్గోలు పెడతారని ఆయనకి తెలుసు. తన అరుపుకి ఆరిళ్ల గొంతులు అరువు తెచ్చుకున్నాడు. ఇంత తెలివి ఉన్న తల ఇప్పుడు ఎక్కడో మగతగా వాలిపోతూ ఉంటుంది.

“ఎర్తాయ్ వాళ్లు వేలమంది ఉన్నారు,” అన్నాడు మెలిస్. గొంతులో ఎగతాళి సగం తగ్గింది. “ఎన్ని తలుపులు తడతారు?”

“ఒక్కటి. ముసలాయన కొత్త కల్పక్ పెట్టుకుని నమ్మి వెళ్లాడంటే పిలిచింది ఈ ఆఫీసు తెలిసినవాళ్లే. మెలిస్, ఆ ఏడు పేర్లూ పైకి చదువు.”

“నేనా? నన్ను అనుమానిస్తున్నారా?”

“అందర్నీ సమానంగా. నా దగ్గర వివక్ష లేదు.”

మెలిస్ పళ్లు కొరుకుతూ గబగబా చదివేశాడు, ఎర్తాయ్ దాకా. బురులాయ్ కూడా చదివింది, స్పష్టంగా, ఒక్కో పేరూ ఆగి ఆగి.

“మీరు కూడా, జూరా ఎజే.”

“ఇదేం ఆట?” జూరా నవ్వడానికి చూసింది. “ఆయన కోసం వెతక్కుండా...”

“ఏడు పేర్లు. తరవాత వెళ్లి వెతుకుదాం.”

జూరా తెర దగ్గరకి వచ్చింది. “అక్‌బూరా. సారీబోరు. తుర్దూకె. బైసాల్. కోజోబెక్. ఎల్చిబాయ్.” ఆగింది.

తొలొగోన్ తలుపు పక్కనున్న ఏడో గిన్నె మీద వేలు పెట్టాడు.

“ఇంకొకటుంది ఎజే.”

“ఆ... చివరిది. ఆ పెద్దిల్లు.”

“దానికి పేరుంది.”

“అక్కడే రాసుందిగా! మీకు కనిపించడం లేదా?”

“నాకు కనిపిస్తోంది. నాకు వినపడాలి.”

జూరా నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. ఇంగ్లీషులో, రష్యన్‌లో, మంత్రుల ముందు, విదేశీయుల ముందు ఎక్కడా తడబడని నాలుక ఒక చిన్న పేరు దగ్గర అడ్డం తిరిగింది. అత్తింటి పెద్దల పేరు కోడలు నోట పలకదు. పుట్టింట్లో తల్లిని చూసి నేర్చుకున్నదేమో, ఏ చదువూ దాన్ని చెరపలేదు. ఆమె చెయ్యి నోటికి అడ్డంగా వెళ్లింది. తల వంగింది, మామగారు అప్పుడే గదిలోకి అడుగుపెట్టినట్టు.

తొలొగోన్ గెలిచినవాడిలా నిలబడలేదు. ఏదో గుడి గుమ్మంలో నిలబడ్డవాడిలా ఉన్నాడు.

“మీవారు టైర్ల వ్యాపారం చేస్తారని అందరికీ తెలుసు,” అన్నాడు మెల్లగా. “ఏ ఇంటివాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు మీరు.”

“ఎలా చెప్పను?” జూరా కుర్చీలో కూలబడింది. “మా మామగారి తండ్రి దొరికిన బిడ్డ బాయ్‌కే. కరువులో దారిపక్కన దొరికితే ఆ ఇంటివాళ్లు తెచ్చి పెంచుకున్నారు. మా అబ్బాయి మూడు తరాలు చెప్పగలడు. నాలుగో తండ్రి దగ్గర గొంతు ఆగిపోతుంది. ఇప్పుడు అక్‌బూరా పిల్లతో సంబంధం కుదురుతోంది. వాళ్లు ఈ వెబ్‌సైట్ తెరిచి చూస్తారు. నేనే కట్టించిన వెబ్‌సైట్‌లో నా కొడుక్కి వంశంలో వేళ్లు లేవని చూస్తారు! నాలుగో తండ్రిగా ఒక్క పేరు కలపమని అక్సకాల్ కాళ్లావేళ్లా పడ్డా. కాదన్నారు.”

“కాదిర్ కదా!”

“ఇంటికొచ్చి పోయిన మామగారి పేర ఒక ప్రార్థన చేయమని పిలిచా. వచ్చారు. వచ్చాక తలుపు వేశాం. కొట్టలేదు, తిట్టలేదు. అతిథిని ఎవరైనా కొడతారా? సాయంత్రానికి సరే అన్నారు. ‘ముందు వరస సర్దాలి, పేరు రేపు నాటుతా’ అన్నారు. నా ఎదురుగానే చీటీలు జరిపారు. నేను పక్కనే నిలబడి చూశా.” ఆమె ఏడు గిన్నెల వైపూ చూసింది. “చూసి కూడా...”

“మీ కొడుక్కి వేళ్లు లేవన్నారు,” అన్నాడు తొలొగోన్. “పెంచుకున్న ఇంటి పేరుకి మీ నాలుక ఇంత వంగిందే, ఇంతకన్నా వేళ్లు ఎక్కడుంటాయి ఎజే? ఆ ముక్క నేను అక్‌బూరా వాళ్లకి చెప్తాను. ముందు మీ ఆయనకి ఫోన్ చేయండి. ముసలాయనకి ఏం పెట్టారు?”

“అన్నీ పెట్టాం! మా ఇంట్లో మర్యాదకి లోటా?” ఆ స్థితిలో కూడా ఆమెకి రోషం వచ్చింది. “మొదట వద్దన్నారు. చక్కెర పడదన్నారు. పెద్దవాళ్లు అలాగే అంటారుగా, మొహమాటానికి. మేమే బతిమాలి బతిమాలి తినిపించాం. తేనె, నేరేడు మురబ్బా, చక్కెర పాకంలో ముంచిన బొర్సోక్‌లు, టీలో నాలుగేసి చక్కెర పలుకులు. మా అత్తగారు స్వయంగా నోట్లో...”

ఆమె మాట ఆగింది. తొలొగోన్ చేతిలోని నీలం సంచి మీద ఆమె చూపు పడింది.

మెలిస్ బల్ల మీది బేడీలు తీసి జేబులో పడేసుకున్నాడు. ఎవరికీ వేయలేదు. “నా బండికి సైరన్ ఉంది. కిందకి పదండి,” అన్నాడు. బురులాయ్ అప్పటికే మెట్ల దగ్గర అంబులెన్సువాళ్లకి ఫోన్ చేస్తూ, చెయ్యి చాచి జూరాని ఇంటి అడ్రసు అడుగుతోంది.

జూరా భర్త నంబరు నొక్కింది. తొలొగోన్ ఫోన్ తీసుకుని స్పీకర్ నొక్కాడు. రెండు రింగులకే ఒక మగగొంతు అందుకుంది, నెమ్మదిగా, గుసగుసగా.

“ఏంటి జూరా? మెల్లగా మాట్లాడు. అక్సకాల్ పడుకున్నారు. అమ్మ దుప్పటి కప్పింది. మధ్యాహ్నం టీకి లేపుదామని అందరం పిలిచాం, భుజం కూడా తట్టాం.” ఫోన్లో ఒక చిన్న నవ్వు వినిపించింది, ఇంటివాడి తృప్తి ఉన్న నవ్వు. “మన మర్యాదకి ఎంత హాయిగా నిద్రపట్టిందో, అస్సలు కళ్లు తెరవడం లేదు.”